వెలిగొండ సొరంగం తిన్నగా ఉందా? మా నాయన అడిగిన ఒక్క ప్రశ్న

సంక్రాంతికి ఇంటికెళ్లా. మార్కాపురం పక్కన పల్లె మాది. చెప్పులు విప్పానో లేదో నాయన పట్టుకున్నాడు.

"ఏమ్రా, హైదరాబాదులో పిల్లోళ్లకు ఫిజిక్స్ చెప్తా ఉంటివే, ఇది చెప్పు. వెలిగొండ సొరంగం తిన్నగా ఉందా, వంకరగా ఉందా?"

"తిన్నగానే ఉంటది నాయనా. లేజర్ పెట్టి తవ్వుతారు. దారం లాగినట్టు పోతది" అన్నా, టీ తాగుతూ.

"అంటే మట్టంగా ఉన్నట్టే గదా?"

"ఆ, అంతే."

ఆ 'అంతే' తప్పు. చిన్న తప్పు కూడా కాదు, ఏడు మీటర్ల తప్పు. ఆ రాత్రి లెక్క వేసుకుంటే తేలింది. ఆ ఏడు మీటర్లు పట్టుకుని వెళ్తే ఎక్కడ తేలానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

మా వైపు వాళ్లు కాని వాళ్లకు ముందు రెండు ముక్కలు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, పొదిలి... ఇదంతా పశ్చిమ ప్రకాశం. వాన తక్కువ. బోరు వేస్తే ఎంత లోతుకు పోవాలో దేవుడికే తెలియాలి. పడిన నీళ్లలో కూడా చాలాచోట్ల ఫ్లోరైడ్. నల్లమల కొండకు అవతల మాత్రం కృష్ణానది, శ్రీశైలం డ్యాము. ఇవతల మేం బిందెలు వరసలో పెట్టి ట్యాంకర్ కోసం చూస్తుంటాం. ఆ కొండను తొలిచి నీళ్లు ఇటు తేవాలన్నదే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం అంచున కొల్లంవాగు దగ్గర్నుంచి దోర్నాల వైపుకు రెండు సొరంగాలు. ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. పైనంతా పులుల అడవి. మోటార్లతో తోడే పని లేకుండా నీళ్లు వాటంతట అవే పారి రావాలి. తవ్వకం మొదటిదానిలో 2021లో, రెండోదానిలో 2024లో పూర్తయింది. నీళ్లకోసం ఎదురుచూపు ఇంకా ఉంది.

అందుకే నాయన అడిగింది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. ఆయన ముప్పై ఏళ్లు పలకల పని చేశాడు. మార్కాపురం పలక తెలియని పాతతరం తెలుగువాళ్లు ఉండరు. మీ అమ్మానాన్నలు అ ఆలు దిద్దింది బహుశా మా ఊరి రాయి మీదే. క్వారీలో రాయిని ఉలితో పొర పొరగా విడదీస్తే అద్దంలా చదునుగా ఊడి వస్తుంది. తర్వాత నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, పని తగ్గింది. నాయన మేస్త్రీ పనిలోకి మారాడు. రసమట్టం, గుండు దారం, నీళ్లు పోసిన లెవెల్ పైపు... ఇవే ఆయన ఆస్తి. ఆయన దగ్గర 'మట్టం' అనే మాట ఊరికే అనెయ్యకూడదు.

రాత్రి పడుకున్నాక ఆ మాటే గుచ్చుకుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశా. భూమి గుండ్రం కదా. నీళ్లు ఎక్కడ నిలిచినా భూమి గుండ్రాన్నే పట్టుకుని నిలుస్తాయి. అంటే నిలిచిన నీళ్ల పైభాగం చదును కాదు, కొంచెం ఉబ్బు. ఎంత ఉబ్బు? ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్న దూరాన్ని దాంతోనే గుణించి, భూమి వ్యాసార్థానికి (6,371 కి.మీ.) ఎనిమిది రెట్లతో భాగించడమే. ముందు కంభం చెరువు మీద చూశా. నిండినప్పుడు 7 కిలోమీటర్ల పొడవు అనుకుంటే, ఈ కొస నుంచి ఆ కొసకు ఊహలో దారం లాగితే, మధ్యలో నీళ్లు ఆ దారం కంటే 96 సెంటీమీటర్లు ఎత్తున ఉంటాయి. నడుం లోతు! చిన్నప్పటి నుంచి చూస్తున్న చెరువు మధ్యలో ఉబ్బి ఉందని ఆ రాత్రి దాకా నాకు తట్టనే లేదు.

ఇక సొరంగం. 18.8ని 18.8తో గుణించి, 50,968తో భాగిస్తే 6.9 మీటర్లు.

లేచి కూర్చున్నా. రెండు కొసలూ ఒకే మట్టంలో ఉంచి, లేజర్ గీత మీద నిజంగా 'తిన్నగా' తవ్వేస్తే, సొరంగం మధ్యభాగం నీటిమట్టం కంటే దాదాపు 7 మీటర్లు కిందికి పోతుంది. సొరంగం వ్యాసమే 7 మీటర్లు! అంటే కొండ నడిమధ్యలో నీళ్లు కప్పు దాకా నిండి నిలిచిపోతాయి. నిజం సొరంగానికి పారడానికి వాలు ఇస్తారు, అది వేరే సంగతి. ఆ వాలుతో పాటు భూమి వంపును కూడా కలుపుకుంటూ పోవాల్సిందే. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన వాళ్లకు 0.0785 అనే అంకె గుర్తుండే ఉంటుంది. లెవెల్ గీత ఎక్కుపెట్టి కిలోమీటరు పోతే 7.85 సెంటీమీటర్లు సవరించాలి అనే లెక్క అదే. పరీక్షకు బట్టీ పట్టి వదిలేస్తాం.

పొద్దున్నే నాయనకు చెప్పా. ఆయన ముఖం చూడాలి.

"నీళ్లు వంగి ఉంటాయా? నలభై ఊళ్లలో లెవెల్ పైపు పెట్టి పునాదులు లేపినా. నీళ్లకన్నా తిన్ననిది లోకంలో ఏముందిరా?"

"నువ్వు కట్టిన పది మీటర్ల గోడకు ఆ వంపు మిల్లీమీటరులో ఐదొందలో వంతు నాయనా. నీకెట్ట కనపడతది?"

"కనపడంది ఉందని యాడ్నుంచి చెప్తావు? ఆకాశంలో నిలబడి చూసినావా?"

సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే రెండొందల ఏళ్ల నాడు లెక్కల చరిత్ర మలుపు తిరిగింది. వంపు తెలియాలంటే బయటికి వెళ్లి చూడక్కర్లేదు. లోపలే ఉండి కొలవొచ్చు.

ఎలాగో చూడండి. అటక మీద నుంచి పాత పలక దించా. దాని మీద బలపంతో ఏ త్రిభుజం గీసినా మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలే. ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు, పొదిలి మూడింటినీ కలుపుతూ నేల మీద త్రిభుజం గీశారనుకోండి. దాని విస్తీర్ణం దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లు. దాని మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలు రాదు, సుమారు 5 సెకన్లు ఎక్కువ వస్తుంది. ఇవి గడియారం సెకన్లు కాదు, డిగ్రీలో 3,600వ వంతును కూడా సెకను అనే అంటారు. ఎంత చిన్నదైనా ఆ 5 సెకన్లు భూమి పెట్టిన సంతకం. మూడు ఊళ్లు దాటి కాలు బయటపెట్టకుండానే భూమి గుండ్రమని కోణాలే చెప్పేస్తాయి.

ఇది ఉత్త ఊహ కాదు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ ఉత్తరానికి పోయింది. 78వ రేఖాంశాన్ని పట్టుకుని సాగిన ఆ వరస మా గిద్దలూరుకు వంద కిలోమీటర్ల పడమరగా వెళ్లింది. 1811లో గుత్తి దగ్గర నేల మీద గొలుసులతో దూరం కొలిచారు. వాళ్లు ప్రతి పెద్ద త్రిభుజంలోనూ ఈ అదనపు సెకన్లను లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో జర్మనీలో గౌస్ కూడా సర్వే పనిలో ఉండి, ఉపరితలం వంపును ఉపరితలం మీదే ఉండి కొలవొచ్చని 1827లో నిరూపించాడు. ఆయన శిష్యుడు రీమన్ 1854లో ఇంకో అడుగు వేశాడు. ఉపరితలం ఏంటి, మనం ఉన్న ఈ స్థలమే వంగి ఉండొచ్చు, కొలిచి చూసుకోవాలి అన్నాడు. అప్పట్లో ఎవరికీ దాంతో పని పడలేదు. అరవై ఏళ్ల తర్వాత ఐన్‌స్టీన్‌కు పడింది. ఆ లెక్కలు తెలియక ఆయన తన కాలేజీ స్నేహితుడు గ్రాస్‌మన్ సాయం అడిగాడు. 1915 నవంబరులో సమీకరణాలు పూర్తయ్యాయి. ఐన్‌స్టీన్ కూడా లెక్కల కోసం ఫ్రెండును పట్టుకున్నాడని తెలిస్తే నా స్టూడెంట్లకు భలే ధైర్యం వస్తుంది.

ఇంతకీ ఆయన వంచింది దేన్ని? స్థలాన్ని ఒక్కదాన్నే కాదు, స్థలాన్నీ కాలాన్నీ కలిపి. 'స్థలకాలం' అంటారు. ఈ మాట వినగానే బుర్ర తిరుగుతుంది కదా. పలక ముక్కతో చూపిస్తా.

వాకిట్లో విరిగిన పలక ముక్క ఒకటి ఉంటే పైకి విసిరా. ఫోన్‌లో స్టాప్‌వాచ్. సరిగ్గా రెండు సెకన్లలో కింద పడాలంటే అది పైకి 4.9 మీటర్లు పోవాలి, అంటే మా వేపచెట్టు కొమ్మ దాకా. ఇప్పుడు పలక మీద అడ్డంగా కాలం, నిలువుగా ఎత్తు పెట్టి దాని దారి గీస్తే విల్లులా వస్తుంది. అయితే ఒక తిరకాసు ఉంది. అడ్డంగా ఉన్నది సెకన్లు, నిలువుగా ఉన్నది మీటర్లు. రెండూ ఒకే కొలతలో ఉండాలంటే కాలాన్ని కాంతి వేగంతో గుణించాలి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. రెండు సెకన్లంటే 6 లక్షల కిలోమీటర్లు. అంటే 6 లక్షల కిలోమీటర్ల పొడవు, 5 మీటర్ల ఉబ్బు! ఇది నిజానికి విల్లు కాదు, పెద్ద సొరంగం.

మరి సొరంగం లెక్కే దీనికీ వేద్దాం. ఈ ఉబ్బు ఎంత పెద్ద వలయంలో ముక్కో చూస్తే వ్యాసార్థం సుమారు 9.2 లక్షల కోట్ల కిలోమీటర్లు. కాంతి ఏడాదిలో పోయే దూరం దాదాపు అంతే!

అసలు మజా ఇక్కడుంది. మా తమ్ముడు క్రికెట్ బాల్ విసిరాడు. అర సెకనులో చేరే ఫ్లాట్ త్రో. అది మధ్యలో లేచేది ఒక్క అడుగే. దూరమేమో అర సెకను, అంటే లక్షన్నర కిలోమీటర్లు. లెక్క వేయండి, మళ్లీ అదే వలయం. పలక ముక్క వేరు, బాల్ వేరు. ఒకటి ఆకాశానికి, ఒకటి అడ్డంగా. కళ్లకు రెండు దారులూ ఒకలా లేనే లేవు. అయినా స్థలకాలంలో రెండింటి వంపూ ఒక్కటే. అంటే ఆ వంపు రాయిది కాదు, బంతిది కాదు. మనం నిలబడిన చోటిది.

న్యూటన్ అయితే భూమి రాయిని లాగుతోంది అంటాడు. ఐన్‌స్టీన్ మాట వేరు. ఎవరూ లాగడం లేదు, రాయి తన లెక్కలో తాను తిన్నగానే పోతోంది, నేలే మనల్ని కింద నుంచి నెడుతోంది అంటాడు. మీరు వదులైన లిఫ్టులో రాయితో పాటు పడుతుంటే (ట్రై చేయొద్దు) రాయి మీ పక్కనే తేలుతూ కనిపిస్తుంది. విల్లు మాయం. అలాంటప్పుడు వంపు అంతా వట్టిదేనా అని మీకు అనుమానం రావాలి. నాయనకు వచ్చింది.

"లిఫ్టులో పోతే వంపు పోతదంటే, అది నీ చూపులో ఉన్నట్టు గదా. దాంట్లో లేనట్టు గదా."

ఎమ్మెస్సీలో నాకు రాని అనుమానం ఇది. దీనికి జవాబు ఆయన గుండు దారంలోనే ఉంది. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రీలు గుండు కట్టి వేలాడదీస్తారే, అదే. మార్కాపురంలో ఒకటి, గిద్దలూరులో ఒకటి వేలాడదీయండి. తిన్నగా లెక్కిస్తే రెండు ఊళ్ల మధ్య దూరం 54 కిలోమీటర్లు. రెండు దారాలూ భూమి కేంద్రం వైపే చూస్తాయి కాబట్టి సమాంతరంగా ఉండవు. వాటి మధ్య తేడా దాదాపు అర డిగ్రీ. పున్నమి చంద్రుడు ఆకాశంలో ఎంత వెడల్పు కనిపిస్తాడో అంత. మార్కాపురం రాయిని తేల్చే లిఫ్టు గిద్దలూరు రాయిని పూర్తిగా తేల్చలేదు. రెండు చోట్లా నేల అడ్డం లేకపోతే, పడుతున్న రెండు రాళ్లూ దగ్గరవుతూ పోతాయి. దేన్నీ ఎవరూ పక్కకు నెట్టకపోయినా సరే.

మార్కాపురం నుంచి ఒకరు, గిద్దలూరు నుంచి ఒకరు తల తిప్పకుండా ఉత్తరానికి నడిస్తే ఏమవుతుంది? ధ్రువం దగ్గర ఢీకొంటారు. దానికి కారణం నేల వంపు. రాళ్లు దగ్గరవడానికి కారణం స్థలకాలం వంపు. ఏ లిఫ్టు ఎక్కినా పోని వంపు అదే.

ఇక్కడ నాదో చిన్న గొడవ. యూట్యూబ్‌లో రబ్బరు షీటు మీద ఇనుప గుండు పెట్టి, చుట్టూ గోలీలు తిప్పే వీడియో ఉంటుంది కదా. చూడ్డానికి బాగుంటుంది కానీ నాకు నచ్చదు. గోలీ పల్లంలోకి జారేదే గురుత్వం వల్ల. గురుత్వాన్ని చెప్పడానికి గురుత్వాన్నే వాడుకుంటే ఎలా? పైగా దాంట్లో కాలం ఊసే లేదు. మన చుట్టూ జరిగే ఈ పడటాలన్నిట్లో పెద్ద పాత్ర కాలానిదే.

కాలం ఎలా వంగుతుంది? కింద గడియారం కాస్త నిదానం, పైన గడియారం కాస్త తొందర. నల్లమలలో 900 మీటర్లు దాటిన శిఖరాలు ఉన్నాయి. ఒక గడియారాన్ని 900 మీటర్లు పైన పెడితే, కింద ఉన్నదాని కంటే రోజుకు సెకనులో వంద కోట్ల వంతులు ఎనిమిదిన్నర ముందుకు పోతుంది. నవ్వకండి, దీన్ని నిజంగా కొలిచారు. టోక్యోలో స్కైట్రీ అనే టవర్ ఉంది. దాని అడుగున ఒకటి, 450 మీటర్ల పైన ఒకటి గడియారాలు పెట్టి, రోజుకు 4.26 వంతుల తేడా పట్టుకున్నారు. 2020లో ప్రకటించారు. మా కొండ లెక్కకు సరిగ్గా సగం.

ఈ తేడా మనకెందుకు అంటారా? ఆ తేడా మీ జేబులో ఉంది.

పండగ అయ్యాక నంద్యాలలో పెళ్లికి అందరం కారులో బయల్దేరాం. గిద్దలూరు దాటి, దిగువమెట్ట దాటాక నల్లమల ఘాట్. సిగ్నల్ పోయింది. పాటలు ఆగిపోయాయి. చీకటి పడుతోంది. అయినా ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపు మీద నీలం చుక్క మాత్రం మలుపు మలుపుకూ మాతోనే తిరుగుతోంది. నాయన వెనక సీటు నుంచి తొంగి చూసి, "టవర్ లేదంటివే, మరి మనం ఈడున్నామని దానికెవరు చెప్పినారు?" అన్నాడు.

చెప్పింది 20,200 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు. వాటిలో పరమాణు గడియారాలుంటాయి. 'ఇప్పుడు టైమ్ ఇంత' అని అవి పంపుతూ ఉంటాయి, అది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి ఫోన్ దూరం లెక్కేసుకుంటుంది. సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. అంత ఎత్తున కాలం వంపు వల్ల వాటి గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగంగా తిరుగుతున్నందుకు 7 మైక్రోసెకన్లు వెనక్కి వస్తుంది. మిగిలేది 38. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఆ 38లో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే దూరాల లెక్కలో రోజుకు అంత తప్పు పేరుకుంటుంది. 1977లో జీపీఎస్ కోసం పంపిన తొలి పరీక్ష ఉపగ్రహాల్లో ఒకదాన్ని మూడు వారాల పాటు సవరించకుండా వదిలి చూశారు. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఎంత ముందుకు పోవాలో దాదాపు అంతే పోయింది. అప్పటి నుంచి ఆ గడియారాలను నేల మీద ఉండగానే కొంచెం నిదానంగా నడిచేలా సరిచేసి పైకి పంపుతున్నారు. సొరంగానికి వంపు కలిపి తవ్వినట్టే.

మన నావిక్‌కూ ఇదే పని తప్పదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది. అది ఇంకా ఎత్తున, దాదాపు 36 వేల కిలోమీటర్ల మీద తిరుగుతుంది. అక్కడ రోజుకు వచ్చే తేడా సుమారు 46 మైక్రోసెకన్లు.

ఇదంతా ఘాట్ రోడ్డు మలుపుల్లో నాయనకు చెప్పుకుంటూ పోయా. అమ్మ వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తోంది. నాయన చాలాసేపు మాట్లాడలేదు. గాజులపల్లె దగ్గర సిగ్నల్ వచ్చి ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి.

"సరే, నీళ్లు వంగి ఉంటాయి, ఒప్పుకుంటా" అన్నాడు. "రాయి తిన్నగా పోతది, నేల నెడతది, అదీ ఒప్పుకుంటా. అయితే శ్రీశైలం నీళ్లు ఇటు పడి రావాలంటే వాటిని ఎవరూ లాగాల్సిన పని లేదంటావు?"

"లేదు నాయనా. దారి ఇస్తే వాటంతట అవే వస్తాయి."

"దారి తవ్వినారు గదా. మరింకెప్పుడొస్తాయిరా?"

ఫిజిక్స్‌లో దీనికి లెక్క లేదు. తిరిగి ఇంటికొచ్చేసరికి వీధి చివర ట్యాంకర్ హారన్ వినిపించింది. నాయన పంచె ఎగగట్టుకుని బిందె తీసుకున్నాడు, నేను రెండోది తీసుకున్నా.